మట్టల ఆదివారం నాటి వంద రూపాయలు

సెక్టార్_ఐదు | 2025 ఏప్రిల్ 22, రాత్రి 10:40

అందరికీ వందనాలు. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. విషయం చాలా చిన్నది. నవ్వుకున్నా ఫర్వాలేదు.

మాది విశాఖపట్నం ఎంవీపీ కాలనీ. ఈ నెల 13న, మట్టల ఆదివారం (ఈస్టరుకి ముందు ఆదివారం, మట్టలు పట్టుకుని ఆరాధనకి వెళ్తాం), ఆరాధన అయ్యాక ఇంటికొస్తూ రోడ్డు పక్కన చేపల తట్ట పెట్టుకుని కూర్చునే ఆవిడ దగ్గర ఆగాను. నాలుగేళ్ళుగా ఆవిడ దగ్గరే కొంటున్నాను. వంజరం కిలో 700 చెప్పింది. నేను 600 అన్నాను. ఎండలో పది నిమిషాలు నిలబడి 650కి దింపాను. భుజాన బైబిలు సంచి, చేతిలో మట్ట. ముక్కలు కొట్టించుకుని రెండు 500 నోట్లు ఇచ్చాను. ఆవిడ తడి చేత్తోనే చిల్లర తీసిచ్చింది. నేను లెక్క చూసుకోకుండా పర్సులో కుక్కుకున్నాను.

ఇంటికొచ్చి ఆ తడి నోట్లు ఫ్రిజ్ మీద ఆరబెడుతుంటే 350 ఉండాల్సింది 450 ఉన్నాయి. రెండు వంద నోట్లు ఒకదానికొకటి అంటుకుపోయి వచ్చేశాయి. విడదీస్తే మధ్యలో ఒక పొలుసు.

ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్తాను. నాకు వచ్చిన మొదటి ఆలోచన "అయ్యో" కాదు. "650 కూడా ఎక్కువే తీసుకుంది, దేవుడే లెక్క సరిచేశాడు" అనుకున్నాను. అనుకోవడమే కాదు, మా ఆయనతో నవ్వుతూ పైకే అన్నాను.

సాయంత్రానికి మనసులో గుచ్చడం మొదలైంది. సోమవారం ఆఫీసుకి వెళ్తూ బస్టాప్ నుంచి ఆవిణ్ణి చూశాను కూడా. రోడ్డు దాటితే చాలు. బస్సు వచ్చేస్తోంది, రేపిద్దాంలే అనుకున్నాను. మంగళవారం ఆవిడ లేదు. బుధవారం లేదు. శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధనలో కూర్చున్నాను. రెండో మాట, పక్క సిలువ మీదున్న దొంగతో అన్నది, వచ్చేసరికి తలెత్తలేకపోయాను. పునరుత్థాన పండుగ రోజు కూడా ఆ మూల ఖాళీ.

బాప్తిస్మం తీసుకుని పంతొమ్మిదేళ్ళయింది. స్త్రీల కూడికలో వాక్యం చెప్తాను. ఈ పది రోజుల్లో క్షమించమని దేవుణ్ణి మూడుసార్లయినా అడిగాను. ఆవిణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు. అసలు ఆవిడ పేరే నాకు తెలియదు.

మా ఆయన "కానుక పెట్టెలో వేసెయ్, పీడా పోతుంది" అంటున్నారు. అంతేనంటారా?

కృపలో_నేను | ఏప్రిల్ 22, రాత్రి 11:05

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. వంద రూపాయలకి ఇంత టెన్షన్ ఎందుకండీ? మనం ధర్మశాస్త్రం కింద లేం, కృప కింద ఉన్నాం (రోమా 6:14). మీరు ఒప్పుకున్నారు, క్షమాపణ దొరికింది. ఆ తర్వాత కూడా గుచ్చేది సాతాను. వాడి పనే నేరారోపణ. మీవారు చెప్పినట్టు కానుకలో వేసేసి సమాధానంగా ఉండండి.

కంచరపాలెం_కుర్రోడు | ఏప్రిల్ 22, రాత్రి 11:12

సాతాను పనిగట్టుకొచ్చి "ఆవిడ వంద ఆవిడకిచ్చెయ్" అని చెప్తాడా బ్రదర్? అంత మంచోడా వాడు?

కృపలో_నేను | ఏప్రిల్ 22, రాత్రి 11:14

వెటకారం వద్దు తమ్ముడూ.

రిటైర్డ్_మాస్టారు | ఏప్రిల్ 23, ఉదయం 5:50

అమ్మా, మీ ఉత్తరం రాత్రే చదివాను. తెల్లారాక రాద్దామని ఆగాను.

కృప గురించి రాసిన సోదరుడికి ముందు ఒక మాట. రోమా 6:14 చదివినప్పుడు 15 కూడా చదవాలి. కృప కింద ఉన్నాం కదా అని పాపం చేద్దామా అని పౌలే అడిగి, కూడదని ఆయనే చెప్పాడు. పక్క వచనమే. పేజీ కూడా తిప్పక్కర్లేదు.

ఇక కానుక పెట్టె సంగతి. సంఖ్యాకాండం 5వ అధ్యాయం 6, 7, 8 వచనాలు తీయండి. ఒకరికి నష్టం చేసినవాడు తన పాపం ఒప్పుకోవాలి, అసలు పూర్తిగా తిరిగివ్వాలి, దానికి అయిదో వంతు కలపాలి, ఎవరికి నష్టం చేశాడో వాళ్ళకే ఇవ్వాలి. పుచ్చుకోవడానికి ఆ మనిషిగానీ బంధువుగానీ లేనప్పుడు మాత్రమే అది యాజకుడికి పోతుంది. అంటే కానుక పెట్టె ఆఖరి దారి. మనం దాన్ని మొదటి దారి చేసుకున్నాం, ఎందుకంటే కానుక పెట్టె మన ముఖంలోకి చూడదు.

మత్తయి 5:23, 24 మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు ప్రభువు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. నీకు అతని మీద ఏమైనా ఉంటే అని కాదు, అతనికి నీ మీద ఏమైనా ఉంటే అని. మీ విషయంలో ఆవిడకి మీ మీద ఏమీ లేదు, ఎందుకంటే ఆవిడకి తెలియదు. తెలిస్తే ఉంటుంది. అది చాలు.

చరిత్ర మాస్టారిని కాబట్టి ఇది రాయకుండా ఉండలేను. ఈ మాటలు తెలుగులోకి తెచ్చే పని మన ఊళ్ళోనూ జరిగింది. 1805లో లండన్ మిషన్ తరఫున క్రాన్, దే గ్రాంజ్ అని ఇద్దరు విశాఖపట్నం వచ్చారు, ఆనందరాయరు అనే పండితుడి సాయంతో సువార్తలు తెలుగు చేయడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, దే గ్రాంజ్ ఆ మరుసటి ఏడు చనిపోయారు. తర్వాత వచ్చిన ప్రిచెట్ పని ముగిస్తే 1818లో మద్రాసులో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. "మొదట వెళ్ళు" అన్న మాట తెలుగులో అచ్చులోకొచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది. మనమింకా బస్సొస్తోంది, రేపెళ్దాం అంటున్నాం. మిమ్మల్ని ఒక్కరినే అనడం లేదమ్మా, నన్నూ కలుపుకునే.

కంచరపాలెం_కుర్రోడు | ఏప్రిల్ 23, ఉదయం 8:20

మాస్టారూ, అయిదో వంతు అంటే 120 ఇవ్వాలి. మరి పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు కదా (లూకా 19:8). అప్పుడు 400 అవుతుంది. ఏది ఫైనల్?

రిటైర్డ్_మాస్టారు | ఏప్రిల్ 23, ఉదయం 9:02

జక్కయ్యని ఎవరూ నాలుగంతలు అడగలేదు నాయనా. నిర్గమకాండంలో గొర్రె దొంగిలించి అమ్మినా కోసినా నాలుగు గొర్రెలు కట్టాలని ఉంది (22:1). తనంతట తాను ఒప్పుకున్నవాడికి అయిదో వంతు కలిపితే చాలు. జక్కయ్య తనంతట తానే ఒప్పుకుని, దొంగకి వేసే జరిమానా తనకు తాను వేసుకున్నాడు. అది లెక్క కాదు, సంతోషం. అమ్మగారికి ఎంత సంతోషంగా ఉంటే అంత ఇవ్వమను.

సెక్టార్_ఐదు | ఏప్రిల్ 23, ఉదయం 9:30

సంతోషం ఏమీ లేదు మాస్టారూ, సిగ్గుగా ఉంది. 120 ఇస్తాను.

గంగపుత్ర | ఏప్రిల్ 23, రాత్రి 9:15

అక్కా, నేను పుట్టింది జాలారి ఇంట్లోనే, చేపల వేట మీద బతికేవాళ్ళం. ఇప్పుడు వేరే ఉద్యోగం. ఆవిడ ఎందుకు కనబడటం లేదో ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా ఆపేస్తారు. మరబోట్లు, ఇంజను పడవలు అన్నీ ఒడ్డునే. తెడ్డు వేసుకెళ్ళే తెప్పలకి నిషేధం లేదు గానీ వాటికి పడేదెంత? మీరు సోమవారం బస్టాప్ నుంచి చూశారన్నారు. అదే ఆఖరి రోజు. ఆ రాత్రి 12 గంటల నుంచి సముద్రం మూసేశారు. రేపు అనుకున్నారు, ఆ రేపు రెండు నెలలు పోయింది.

వేటకెళ్ళేవాళ్ళకి ఈ రెండు నెలలకి ప్రభుత్వం సాయం ఇస్తుంది. అది పడవ మీద వెళ్ళేవాళ్ళ పేరున వస్తుంది. తట్ట మోసే ఆడవాళ్ళది వేరే బతుకు. కొందరు ఎండు చేపలు అమ్ముతారు, కొందరు చెరువు చేపలు తెచ్చి బొచ్చె, రాగండి అమ్ముతారు, కొందరు ఇళ్ళలో పనికి పోతారు.

వంద చిన్నదని ఒక బ్రదర్ రాశారు. ఆయన తప్పు కాదు, తెలియదు. మా అమ్మ పొద్దున్నే వడ్డీకిచ్చేవాడి దగ్గర 900 చేతికి తీసుకునేది, సాయంత్రం 1000 కట్టేది. నాలుగింటికి లేచి, వేలం పాటలో చేప కొని, ఐసుకి ఇచ్చి, ఆటోకి ఇచ్చి, ఎండలో కూర్చుని అమ్మి, పొద్దుపోయాక ఆ వెయ్యి కట్టగా మిగిలింది ఇంటికి తెచ్చేది. మీ దగ్గరున్న వంద ఆవిడకి ఆ రోజు వడ్డీ అయ్యుండొచ్చు.

ఒక్కటి మాత్రం, బేరం ఆడినందుకు బాధపడకండి. 700 అని మా అమ్మ చెప్పేది 650కి ఇద్దామనే.

కృపలో_నేను | ఏప్రిల్ 23, రాత్రి 9:48

బ్రదర్, నాకు నిజంగా తెలియదు. వంద చిన్నది అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మిగతాది వదులుకోను. చేసిన ప్రతి తప్పునీ పట్టుకుని వేలాడితే మనిషి చితికిపోతాడు. మా అన్నయ్య అలాగే అయిపోయాడు, ప్రతి ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి లేవకుండా "నేను తగను" అని వెనక బెంచీలో కూర్చునేవాడు. ఏళ్ళ తరబడి. అందుకే తొందరపడి రాశాను.

సెక్టార్_ఐదు | ఏప్రిల్ 23, రాత్రి 10:10

బ్రదర్, మీరు మంచి మనసుతోనే రాశారని అప్పుడే అనుకున్నాను.

గంగపుత్ర గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ఇంటి నుంచి పెదజాలారిపేట ఎంత దూరం? కూతవేటు. ఇన్నేళ్ళలో ఒక్కసారి అటు నడవలేదు. బీచ్ రోడ్డు మీద బండి పోతుంటే పడవలు కనిపిస్తాయి, అంతే.

సి_షిఫ్ట్ | ఏప్రిల్ 24, ఉదయం 7:05

డ్యూటీ దిగి చదువుతున్నాను. నిద్రమత్తులో ఉన్నాను, తప్పులుంటే మన్నించండి.

పంతొమ్మిదేళ్ళు అని సిస్టర్ రాసిన దగ్గర ఆగిపోయాను. నాకు ఇరవై రెండేళ్ళు. ఏం ఎదిగాం అన్న ప్రశ్న నాకూ ఉంది. నాది చెప్తాను.

ప్లాంటులో నా తర్వాత డ్యూటీ ఎక్కే రిలీవర్ రోజూ పావుగంట లేటు. తెల్లారి ఆరింటికి రావాలి, ఆరుంపావుకి వస్తాడు. ఆ పావుగంటలో నా బస్సు పోతుంది. మొదట్లో అరిచేవాణ్ణి. తర్వాత విశ్వాసిని కదా, అరవడం మానేశాను. దీర్ఘశాంతం వచ్చిందని సాక్ష్యం కూడా చెప్పాను సంఘంలో. నిజానికి ఏం చేశానో తెలుసా? లాగ్‌బుక్కులో రాయాల్సినవి సగం రాయకుండా వదిలేసి పోయేవాణ్ణి. అతను వచ్చాక అన్నీ వెతుక్కోవాలి, ఫోర్‌మన్ దగ్గర మాటలు పడాలి. నా నోరు మూసుకుంది గానీ నా కోపం పెన్నులోకి దిగింది. రెండేళ్ళు అలా నడిచింది. ఒక రోజు లాగ్‌బుక్కులో ఒక వాల్వ్ సంగతి రాయకపోవడం వల్ల పెద్ద గొడవే అయ్యేది, అతనే చూసుకుని సర్దాడు. నన్ను ఏమీ అనలేదు.

అప్పటి నుంచి నాకు దీర్ఘశాంతం అంటే లాగ్‌బుక్కు. ప్రతి కాలమ్ నింపి సంతకం పెట్టి దిగుతాను. అతను ఇప్పటికీ లేటే. నాకిప్పటికీ కోపం వస్తుంది, అబద్ధమెందుకు. కానీ కాలమ్ ఖాళీగా వదలను.

మార్కు 4లో విత్తనం చల్లినవాడి మాట ఉంది కదా, వాడు పడుకుంటాడు, లేస్తాడు, అది ఎలా పెరిగిందో వాడికే తెలియదు (26, 27). నైట్ డ్యూటీలో ఆ మాట నాకు బాగా నచ్చుతుంది.

కంచరపాలెం_కుర్రోడు | ఏప్రిల్ 24, ఉదయం 8:00

అన్నా, అదే అధ్యాయంలో ముళ్ళపొదల్లో పడిన విత్తనం కూడా ఉంది. పడుకుంటే పెరిగేది పంట ఒక్కటేనా?

సి_షిఫ్ట్ | ఏప్రిల్ 24, ఉదయం 8:04

నువ్వు సువార్త సభల్లో మాట్లాడాల్సినవాడివి. ఇప్పుడు నిజంగానే పడుకుంటున్నాను.

సండేస్కూల్_టీచర్ | ఏప్రిల్ 24, మధ్యాహ్నం 1:30

ఆత్మ ఫలం, అంటే దేవుని ఆత్మ మనలో పెంచే గుణాలు, తొమ్మిది చెప్పమంటే మా పిల్లలు ప్రేమ, సంతోషం, సమాధానం అని గబగబా ఎనిమిది చెప్పి తొమ్మిదోది దగ్గర ఆగిపోతారు. ఎప్పుడూ అదే. ఆశానిగ్రహం. పోయిన వారం మొత్తం తొమ్మిదీ తప్పు లేకుండా చెప్పిన పిల్లాడు, చెప్పిన వెంటనే పక్కవాడి చేతిలో బిస్కెట్టు లాక్కున్నాడు. నవ్వాపుకోలేక బయటికెళ్ళాను. పర్సులో తడి నోట్ల సంగతి చదివాక ఆ బిస్కెట్టే గుర్తొచ్చింది అక్కా, ఏమీ అనుకోకండి.

బేరం మాటొచ్చింది కాబట్టి సామెతలు 20:14 చూడండి. కొనేటప్పుడు బాగాలేదు, బాగాలేదు అంటాడట, అవతలికెళ్ళి దాన్నే మెచ్చుకుంటాడట. పూర్ణా మార్కెట్లో కూర్చుని రాసినట్టుంది.

కిరాణా_అన్న | ఏప్రిల్ 26, రాత్రి 11:30

మూడు రోజులుగా రాద్దామా వద్దా అని చూస్తున్నాను. మాస్టారు రాసిన సంఖ్యాకాండం నన్ను వదలడం లేదు. పుచ్చుకునే మనిషి లేనప్పుడు అన్నారే, అది నా కథ.

హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు ఊళ్ళో ఎవరం ఆరాధనకి వెళ్ళలేదు, వెళ్ళే దారి లేదు. మా షాపు షట్టరు సగం లేచిపోయింది కానీ సరుకు దక్కింది. మర్నాటి నుంచి కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు, రోడ్డు నిండా చెట్లు. జనం కొవ్వొత్తుల కోసం వచ్చారు. నా దగ్గర నాలుగు పెట్టెలున్నాయి. అయిదు రూపాయల కొవ్వొత్తి ఇరవైకి అమ్మాను. మొదటివాడికి పదికి ఇచ్చాను, వాడు మాట్లాడకుండా తీసుకున్నాడు, తర్వాతవాడికి పదిహేను, ఆ తర్వాత ఇరవై. షట్టరు రిపేరుకి కావాలి కదా అని లోపల లెక్క. బయట గోడ మీద "యెహోవా యీరే" (దేవుడే చూసుకుంటాడు) అని పెయింటు. గాలికి ఆ గోడ మాత్రం పడలేదు.

మంగళవారం సాయంత్రం ఒక ముసలాయన వచ్చాడు, ఇరవై అంటే జేబులన్నీ వెతికి పదమూడు తీశాడు. "మిగతాది రేపిస్తా బాబూ" అన్నాడు. నేను ఇవ్వలేదు. అంటే కొవ్వొత్తి ఇవ్వలేదు. ఆయన ఆ చీకట్లో పడిపోయిన చెట్ల మీంచి మెల్లగా దాటుకుంటూ వెళ్ళడం చూశాను. ఆయన మళ్ళీ కనబడలేదు, ఏ వీధో తెలియదు.

పదకొండేళ్ళు కావస్తోంది. ఎవరికి ఎంత తిరిగివ్వాలి? ఆ వారం వచ్చినవాళ్ళలో సగంమంది మా వీధివాళ్ళు కూడా కాదు. ఆ ఏడాది తర్వాత నుంచి మా షాపులో కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి అడిగినవాళ్ళకి డబ్బు తీసుకోను. అది పరిహారమో, నా మనసుకి నేను రాసుకున్న మందో తెలియదు. మా ఆవిడకి కూడా కారణం తెలియదు, వ్యాపారం తెలియదంటుంది.

రిటైర్డ్_మాస్టారు | ఏప్రిల్ 27, ఉదయం 5:40

నాయనా, ఇది చదివి చాలాసేపు కూర్చున్నాను. నాకు తెలిసిన జవాబు లేదు. ఒకటే అడుగుతాను. మీ ఆవిడకి చెప్పండి. పదకొండేళ్ళు ఒక్కడివే మోశావు.

కిరాణా_అన్న | ఏప్రిల్ 27, రాత్రి 10:55

చెప్పాను మాస్టారూ. "ఆయన్ని నేనూ చూశాను, లోపల్నుంచి" అంది. ఇంకేమీ అనలేదు.

నైట్_డ్యూటీ_నర్సు | ఏప్రిల్ 29, ఉదయం 4:10

వార్డు కాస్త నిమ్మళించింది, అందుకే ఈ వేళప్పుడు.

అందరూ డబ్బు గురించి రాస్తున్నారు. నాది నోరు. మా స్త్రీల కూడిక వాట్సాప్ గ్రూపులో నాలుగు నెలల కింద నేనే ఒక మెసేజ్ పెట్టాను. "మన సంఘంలో ఒక చెల్లి కుటుంబం కోసం భారంగా ప్రార్థించండి. వివరాలు అడగవద్దు." పేరు పెట్టలేదు. చాలా జాగ్రత్తగా రాశాననుకున్నాను. అరగంటలో పదకొండు మంది నాకు విడిగా ఫోన్ చేసి వివరాలు అడిగారు. ఇద్దరికి చెప్పాను. వాళ్ళు "ప్రార్థన కోసమే" అని ఇంకో ఇద్దరికి. ఆదివారానికి ఆ అమ్మాయి రావడం మానేసింది.

నేను అబద్ధం ఆడలేదు, దొంగతనం చేయలేదు. ప్రార్థన అంశం పంపాను. యాకోబు 3లో నాలుకని నిప్పు అన్నాడు, నేను దానికి "ఆమేన్" అని కూడా తగిలించాను.

ఆ అమ్మాయి ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి తీసింది, టీ ఇచ్చింది, ఏమీ మాట్లాడలేదు. వంద రూపాయలైతే తిరిగివ్వొచ్చక్కా. మీరు అదృష్టవంతులు.

సండేస్కూల్_టీచర్ | ఏప్రిల్ 29, ఉదయం 9:00

టీ ఇచ్చింది కదా. మూడోసారి వెళ్ళండి.

వేదిక_నిర్వాహకులు | ఏప్రిల్ 29, ఉదయం 11:00

మనవి: సంఘాల పేర్లు, పాస్టరు గార్ల పేర్లు, గుర్తుపట్టే వివరాలు రాయవద్దు. ఇంతవరకు అందరూ బాగానే పాటించారు. రెండు వ్యాఖ్యలు తీసేశాం, అవి ఈ చర్చకి సంబంధించినవి కావు. దశమభాగం మీద వాదన వేరే చోట నడుస్తోంది, దయచేసి అక్కడికి వెళ్ళండి.

సెక్టార్_ఐదు | మే 11, రాత్రి 9:20

ఇవాళ సాయంత్రం పెదజాలారిపేట వెళ్ళాను. ఒంటరిగానే. మా ఆయన్ని రమ్మంటే "నువ్వే చేసుకున్నావు, నువ్వే పో" అన్నారు. నవ్వుతూనే.

ఇసుక మీద పడవలన్నీ వరసగా లాగేసి ఉన్నాయి. మగవాళ్ళు నీడపట్టున కూర్చుని వలలు అల్లుకుంటున్నారు. కవరులో 120 పెట్టుకుని ఒక ఇంటి ముందు ఆగి, ఎంవీపీ రోడ్డు మీద చేపలమ్మే ఆవిడ కావాలండీ అన్నాను. "పేరేటి?" అన్నారు. తెలియదన్నాను. "ఆ రోడ్డు మీద పది మంది కూకుంటారు. ఎలాగుంటాది?" అన్నారు. చెప్పడానికి ప్రయత్నించాను. నల్లగా, నడివయసు, ముక్కుకి రెండు పక్కలా పుడకలు. చెప్తుంటే నాకే వినబడింది, అక్కడున్న సగంమంది అలాగే ఉన్నారు. నాలుగేళ్ళు ఆవిడ చేతులూ, కత్తీ, త్రాసూ చూశాను. ముఖం సరిగ్గా చూడలేదు.

ఒక పెద్దావిడ "చేపలకేనా? ఇప్పుడు ఎండువే ఉన్నాయి" అంది. ఖాళీ చేతుల్తో రాలేక నెత్తళ్ళు కొనుక్కున్నాను. పావు కిలో. చెప్పిన రేటుకే.

గంగపుత్ర | మే 11, రాత్రి 10:02

అక్కా, నన్ను అడిగితే తీసుకెళ్ళేవాణ్ణి కదా. సరే, వెళ్ళారు. జూన్ 15 దాటనివ్వండి. మొదటి రెండు మూడు రోజులు అంతా హార్బరు దగ్గరే ఉంటారు, వేలం దగ్గర తోపులాట. ఆ తర్వాత ఎవరి మూలకి వాళ్ళు వచ్చేస్తారు. ఆ మూల ఆవిడదే, ఇంకొకరు కూర్చోరు. మాలో అది కట్టుబాటు.

కృపలో_నేను | మే 12, ఉదయం 7:15

సిస్టర్, నెత్తళ్ళు చెప్పిన రేటుకే కొన్నాను అని రాశారు చూడండి, అక్కడ నవ్వొచ్చింది. మంచి నవ్వే.

సి_షిఫ్ట్ | జూన్ 15, ఉదయం 6:50

సిస్టర్, నిషేధం అయిపోయింది. రాత్రి డ్యూటీలో మీరు గుర్తొచ్చారు. రిలీవర్ ఇవాళ అయిదు నిమిషాలే లేటు. ఏమైందో ఏమో.

సెక్టార్_ఐదు | జూన్ 19, రాత్రి 8:45

ఇవాళ పొద్దున ఆవిడ వచ్చింది.

బస్టాప్ నుంచి చూశాను. అదే మూల, అదే తట్ట. బస్సు వచ్చేసింది. వదిలేశాను. రోడ్డు దాటాను.

"ఏటమ్మా, వంజరం ఇంకా రానేదు, కానాగంతలున్నాయి" అంది. కవరు చేతికిచ్చి, మట్టల ఆదివారం మాట చెప్పాను. ఆవిడకి ఆ ఆదివారం గుర్తులేదనుకున్నాను. కత్తి కింద పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, నా వైపు చూసింది.

"ఆ నూరూ నీ కాడుందా అమ్మా?" అంది.

అంతే అంది. కోపంగా కాదు. కాసేపటికి తనే చెప్పింది. ఆ రోజు సాయంత్రం లెక్కలో వంద తగ్గిందట. ఆదివారం కదా, పక్కన మనవడు కూర్చున్నాడట. "ఈడే తీసీసినాడని రెండు దెబ్బలేసినాను. తీయలేదు మామ్మా, తీయలేదు మామ్మా అని ఏడ్సినాడు. నాను నమ్మనేదు."

ఆ పిల్లాణ్ణి నేనూ చూశాను ఆ రోజు. తట్ట వెనక కూర్చుని, నా చేతిలో మట్ట వైపు చూస్తున్నాడు. కావాలేమో అనిపించింది కూడా. ఇవ్వలేదు, ఇంట్లో తలుపుకి కట్టాలని.

120లో వంద తీసుకుంది. "ఈ ఇరవై ఏటి?" అంది. అలా ఇవ్వాలని మా గ్రంథంలో ఉంది అన్నాను. "నాకెందుకు, ఆడికియ్యి" అని తిరిగిచ్చేసింది. స్కూళ్ళు తెరిచారు కాబట్టి ఇప్పుడు ఆదివారాలే వస్తాడట.

మాస్టారూ, లెక్క తీరుతుందనుకున్నాను. ఇప్పుడేం చేయాలి?

రిటైర్డ్_మాస్టారు | జూన్ 19, రాత్రి 9:30

ఆవిడ పేరు అడిగారా అమ్మా?

సెక్టార్_ఐదు | జూన్ 19, రాత్రి 9:33

అడిగాను. ఇక్కడ రాయను. పిల్లాడిదీ అడిగాను. ఆరో తరగతి.

గంగపుత్ర | జూన్ 19, రాత్రి 10:05

ఒక మాట చెప్పనా అక్కా. చిన్నప్పుడు నన్నూ ఇలాగే కొట్టారు, వేరే లెక్కకి. ఇరవై రూపాయలు వాడికి లెక్కలోకి రావు. వాడి ముందు, వాళ్ళ మామ్మ వింటుండగా, తీసింది నేనే అని మీ నోటితో చెప్పండి. పక్కన కూర్చునే ఆడవాళ్ళు కూడా వినాలి. వాళ్ళ ముందే కొట్టి ఉంటుంది కదా.

కంచరపాలెం_కుర్రోడు | జూన్ 19, రాత్రి 10:12

ఈసారి నా దగ్గర జోకు లేదు.

నైట్_డ్యూటీ_నర్సు | జూన్ 20, ఉదయం 3:50

మూడోసారి వెళ్ళాను అక్కా, ఆ చెల్లి ఇంటికి. ఈసారి టీ నేను పెట్టాను, వాళ్ళ వంటింట్లో. తర్వాత రాస్తాను. మీది ముందు కానివ్వండి.

సెక్టార్_ఐదు | జూన్ 21, రాత్రి 10:30

రేపు ఆదివారం. ఆరాధన పదిన్నరకి. ఆవిడ తొమ్మిదికల్లా వచ్చేస్తుంది. ఎప్పుడూ ఇంటికొచ్చేటప్పుడు ఆగేదాన్ని. రేపు వెళ్ళేటప్పుడే ఆగుతాను. ఆలస్యమైతే పాస్టరమ్మ గారికి చెప్పమని మా ఆయనకి చెప్పాను. ఆయన కూడా వస్తానంటున్నారు, అక్కడికి.